విశాఖలో గోదాం అద్దెకు: ఓరుగల్లు మిర్చికి, ఇందూరు పసుపుకు ఏ దారి లాభం

వరంగల్ (ఓరుగల్లు) ఎనుమాముల మార్కెట్లో మిర్చి కొనేవాళ్లకు, నిజామాబాద్ (ఇందూరు)లో పసుపు పట్టేవాళ్లకు, పెద్దపల్లి మిల్లుల నుంచి బియ్యం ఎత్తేవాళ్లకు ఏదో ఒక సీజన్లో ఈ ఆలోచన వచ్చి తీరుతుంది: పోర్టు పక్కన మనకంటూ ఒక గోదాం ఉంటే బాగుండు. మన తెలంగాణకు సముద్రం లేదు. ఓడ ఎక్కాలంటే వరంగల్ సరుకే విశాఖకు దాదాపు ఐదు వందల కిలోమీటర్లు పోవాలి. ఆలోచన రాగానే విశాఖ బ్రోకర్‌కు ఫోన్ చేసి మొదట అడిగేది "చదరపు అడుగు ఎంత" అని. ఆ లెక్క గోదాం యజమానికి పనికొస్తుంది. మనకు తేలాల్సింది గోదాం వల్ల క్వింటాల్ మీద ఎంత పడుతుందో. ఈ రెండు లెక్కలూ చాలాసార్లు ఒకదానికొకటి పొసగవు. ఎక్కడ పొసగవో కింద చూడండి.

ముందు తేల్చుకోవాల్సింది: అద్దె గోదాం కావాలా?

కంటైనర్ సరుకుకు నాలుగు దారులున్నాయి. ఒకటి, ఖాళీ కంటైనర్‌ను వరంగల్‌కే రప్పించి ఇక్కడే నింపి, ఎలక్ట్రానిక్ సీలు వేసి నేరుగా పోర్టుకు పంపడం. దీనికి మీ ప్రాంగణానికి కస్టమ్స్ నుంచి సొంత సీలు అనుమతి ఉండాలి. సరుకును ఇక్కడ ఒకసారి ఎత్తితే మళ్లీ దించే పని లేదు, బస్తాలు చిరగవు. కానీ ఖాళీ డబ్బా రానుపోను కిరాయి మీ మీదే పడుతుంది. రెండు, లారీలో హైదరాబాద్ సనత్‌నగర్ కంటైనర్ డిపోకు చేర్చి అక్కడ కస్టమ్స్ పని ముగించి రైల్లో పంపడం. మూడు, లారీలో విశాఖ తీసుకెళ్లి కంటైనర్ ఫ్రైట్ స్టేషన్‌లో, అందరూ సీఎఫ్‌ఎస్ అనే చోట, దించి నింపించుకోవడం. నాలుగోది సొంతంగా గోదాం అద్దెకు తీసుకోవడం.

మూడో దారిలో సరుకు ఉన్నన్నాళ్లకే డబ్బు కడతారు. నాలుగో దారిలో సరుకున్నా లేకున్నా కడతారు. తేడా ఎంతో ఒక ఉదాహరణ వేసి చూద్దాం. 5,000 చదరపు అడుగుల షెడ్డు, అడుగుకు 20 రూపాయలు అనుకోండి. అద్దె లక్ష. ఇద్దరు వాచ్‌మెన్లకు 30,000, కరెంటుకు 8,000, బీమా, చిల్లర ఖర్చులకు 7,000. మొత్తం నెలకు 1,45,000. నెలకు 300 టన్నులు దాటిస్తే టన్నుకు 483 రూపాయలు, అంటే క్వింటాల్‌కు 48. నెలకు 80 టన్నులే దాటిస్తే క్వింటాల్‌కు 181.

అసలు దెబ్బ మిర్చి వాళ్లకు ఇక్కడే తగులుతుంది. మన మిర్చి ఫిబ్రవరి నుంచి మే దాకా పోటెత్తి వస్తుంది, తర్వాత సన్నగిల్లుతుంది. ఆ నాలుగు నెలలూ నెలకు 300 టన్నుల చొప్పున 1,200 టన్నులు పంపి, మిగతా ఎనిమిది నెలలు షెడ్డు ఖాళీగా పెట్టారనుకోండి. ఏడాది ఖర్చు 17,40,000. క్వింటాల్‌కు 145 రూపాయలు. ఈ సంఖ్య పక్కన సీఎఫ్‌ఎస్ వాళ్లిచ్చే కొటేషన్ పెట్టి చూడండి. కొటేషన్‌లో దింపుడు, ఎత్తుడు, ఉచిత రోజులు ఎన్ని, ఆ తర్వాత రోజుకు ఎంత అనేవి విడివిడిగా రాయించుకోవాలి. సీజన్ సరుకు ఒక్కటే ఉన్నవాళ్లకు మా సలహా సూటిగా: అద్దె గోదాం వద్దు, సీఎఫ్‌ఎస్ చాలు. మిర్చి తర్వాత పసుపు, పసుపు తర్వాత మరొకటి ఉండి ఏడాదంతా లారీ ఆగకుండా తిరిగేవాళ్లకు, లేదా విశాఖలో గ్రేడింగ్, తొడిమె తీత, తిరిగి ప్యాకింగ్ చేయించాల్సినవాళ్లకు గోదాం నిజంగా కలిసొస్తుంది.

ఇంకో మాట. పోర్టు ఊరి గోదాం నిల్వ కోసం కాదు. సరుకు ఓడకు ఆగే నాలుగు రోజులో, రెండు వారాలో అక్కడ ఉండాలి. ధర కోసం ఆపే సరుకు ఇక్కడి కోల్డ్ స్టోరేజీలోనే ఉండనివ్వండి. విశాఖ గాలిలో తేమ ఎక్కువ. 10, 11 శాతం తేమతో బస్తాకెత్తిన మిర్చి వానాకాలంలో మామూలు రేకుల షెడ్డులో నెల పడి ఉంటే తేమ పీలుస్తుంది, మెత్తబడుతుంది, తొడిమె దగ్గర బూజు మొదలవుతుంది. ఆ బూజులోంచి వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషానికి ఐరోపా దేశాలు పెట్టిన హద్దు కిలోకు మొత్తం 10 మైక్రోగ్రాములు, అందులో బీ1 రకం 5 మాత్రమే. రైతు ఆరు నెలల కష్టం, మీ పెట్టుబడి రెండూ ఆ పది మైక్రోగ్రాముల దగ్గర ఆగిపోతాయి. 2025లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకన్న) గుర్తింపు వచ్చిన మన చపాటా మిర్చికైతే రంగే ప్రాణం. మే నెల ఎండకు కాలిన రేకు కింద ఆ రంగు రోజురోజుకూ దిగుతుంది.

ఏ పోర్టు

సరుకు కంటైనర్లో పోతుందా, బస్తాలుగా ఓడ గర్భంలోకి పోతుందా అన్నదాన్ని బట్టి ఊరు మారుతుంది. మిర్చి, పసుపు, దూది బేళ్లు కంటైనర్లో పోతాయి, వాటికి విశాఖ కంటైనర్ టెర్మినల్ దారి. బియ్యం బస్తాల్లో పెద్ద ఎత్తున పోతుంటే కాకినాడే. అక్కడ యాంకరేజ్ పోర్టులో ఓడ దూరంగా నిలబడితే బార్జీలనే చదునైన పడవల మీద బస్తాలు తీసుకెళ్లి ఎక్కిస్తారు. ఆ పనికి అలవాటు పడ్డ గోదాములు, కూలీ ముఠాలు, ఏజెంట్లు అక్కడే ఉన్నారు. బియ్యానికి విశాఖలో గోదాం తీసుకుని కాకినాడ ఓడ ఎక్కించాలనుకుంటే రెండు కిరాయిలు.

కరీంనగర్ గ్రానైట్ వాళ్లకు షెడ్డే అక్కర్లేదు, గట్టి నేల ఉన్న యార్డు కావాలి. మూడు మీటర్ల పొడవు, 1.8 వెడల్పు, 1.5 ఎత్తు ఉన్న బ్లాకు దాదాపు 22 టన్నులు తూగుతుంది. ఒండ్రు నేల మీద కంకర పరిచి "యార్డు" అంటే నమ్మకండి. వానకు బ్లాకు ఒక పక్కకు కుంగిందంటే దాన్ని లేపడానికి వచ్చే క్రేన్ కూడా దిగబడుతుంది. కింద ఎన్ని అంగుళాల రాతి మెటల్ వేసి రోలర్ తొక్కించారో అడగండి.

విశాఖలో ఏ వైపు

పోర్టుకు దగ్గరని పాత ఊరు, జ్ఞానాపురం, మల్కాపురం వైపు చూపిస్తారు. అక్కడి ఇబ్బంది దుమ్ము. పోర్టులో బొగ్గు, ఇనుప ఖనిజం దించుతారు, ఎక్కిస్తారు, గాలికి ఆ పొడి చుట్టుపక్కల పడుతుంది. ఇనుము, యంత్రాలు పెట్టుకునేవాళ్లకు నష్టం లేదు. తినే సరుకుకు మాత్రం ఆ వైపు వద్దు. తెల్ల గుడ్డ తడిపి కిటికీ చువ్వ మీద, లోపలి దూలం మీద తుడిచి చూడండి, పది సెకన్లలో తేలిపోతుంది.

గాజువాక ఆటోనగర్, మింది ప్రాంతం పారిశ్రామిక వాడ కాబట్టి కరెంటు లోడు, రోడ్డు, మెకానిక్కు, కూలీ అన్నీ దొరుకుతాయి. షెడ్లు ఎక్కువగా పాతవి, ఎత్తు తక్కువ, లోపలి రోడ్లు ఇరుకు. ఏపీఐఐసీ (ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ) కేటాయించిన ప్లాటు అయితే యజమానికి దాన్ని అద్దెకిచ్చే అనుమతి ఉందో లేదో కాగితం చూడాలి. తయారీకని ఇచ్చిన ప్లాటులో నిల్వ పెడితే నోటీసు ఎప్పుడైనా రావచ్చు.

షీలానగర్ వైపు పోర్టుకు పోయే కనెక్టివిటీ రోడ్డు కలిసొస్తుంది. కానీ మేఘాద్రి గెడ్డ పక్క పల్లపు జాగాల్లో నీళ్లు చేరతాయి. అక్కడ గోదాం నేల రోడ్డు మట్టం కన్నా ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలవండి. మూడు అడుగులకు తగ్గితే వదిలేయండి.

అనకాపల్లి–సబ్బవరం–ఆనందపురం ఆరు వరుసల రోడ్డు వెంట కొత్తగా కట్టిన ఎత్తైన షెడ్లు దొరుకుతాయి. మన లారీ రాజమండ్రి మీదుగా వస్తుంది కాబట్టి నగరంలోకి దూరకుండానే దించుకోవచ్చు, పగటిపూట భారీ వాహనాలకు ఉండే ఆంక్షల బాధ తగ్గుతుంది. దానికి బదులు గోదాం నుంచి టెర్మినల్‌కు ప్రతి కంటైనర్ మీద ట్రైలర్ కిరాయి ఎక్కువ కడతారు. ఆ తేడాను నెల కంటైనర్ల సంఖ్యతో గుణించి అద్దెలో కలిపాకే ఆటోనగర్‌తో పోల్చాలి. ఏడాదంతా సరుకు ఉన్న మిర్చి, పసుపు వాళ్లకు ఈ వైపే మేలు, కిరాయి కలిపినా సరే. దువ్వాడ ఎస్‌ఈజడ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) లోపలి షెడ్లు వేరే సంగతి. అక్కడ యూనిట్‌గా అనుమతి తీసుకోవాలి, కొని పంపే వ్యాపారికి ఆ తంటా దండగ.

అడుగు లెక్క ఎలా మోసం చేస్తుంది

రెండు షెడ్లు చూశారనుకోండి. మొదటిది 10,000 చదరపు అడుగులు, అడుగుకు 16 రూపాయలు, అంచు ఎత్తు 14 అడుగులు, మధ్యలో స్తంభాలు. రెండోది 7,500 అడుగులు, అడుగుకు 20, ఎత్తు 24 అడుగులు, స్తంభాల్లేవు. పేరుకు మొదటిది చవక, పెద్దది కూడా. ఇప్పుడు బియ్యం బస్తాలు పేర్చి చూడండి. గోడకూ నిట్టుకూ (బస్తాల దొంతరకూ) మధ్య రెండున్నర అడుగుల సందు, నడవ, తలుపు ముందు ఖాళీ, కాంటా జాగా, స్తంభాల చుట్టూ పోయేది తీసేస్తే మొదటి దాంట్లో 55 శాతమే మిగిలిందనుకుందాం: 5,500 అడుగులు. పైన రేకుకు మూడు అడుగులు వదలాలి కాబట్టి నిట్టు 11 అడుగులు. మొత్తం 60,500 ఘనపుటడుగులు, అద్దె 1,60,000. ఘనపుటడుగుకు 2 రూపాయల 64 పైసలు. రెండో దాంట్లో 65 శాతం, అంటే 4,875 అడుగులు. మనుషులు ఎత్తగలిగే 16 అడుగుల దాకా పేర్చితే 78,000 ఘనపుటడుగులు, అద్దె 1,50,000. ఘనపుటడుగుకు 1 రూపాయి 92 పైసలు. చిన్నదే చవక, సరుకు కూడా దాంట్లోనే ఎక్కువ పడుతుంది.

మిర్చికి ఈ లెక్క కొంచెం మార్చాలి. కింది బస్తాలు నలిగి కాయ విరిగి గింజ రాలుతుంది కాబట్టి అంత ఎత్తు పేర్చరు. ఎత్తైన షెడ్డు ఎక్కువ డబ్బు పెట్టి తీసుకున్నా పై సగం గాలే. అయితే ఆ గాలి వేడిని పైకి లాగుతుంది, రంగు నిలుస్తుంది. కాబట్టి ఎత్తుకు కొంత విలువ ఇవ్వండి, పూర్తి విలువ ఇవ్వకండి.

యజమాని చెప్పే అడుగులు గోడల బయటి నుంచి కొలిచినవా, లోపలి నుంచి కొలిచినవా? వరండా, వాచ్‌మెన్ గది, టాయిలెట్ కలిపారా? లోపలి గోడ నుంచి లోపలి గోడకు మీరే కొలిచి, ఆ అంకె మీదే ఒప్పందం రాయించండి.

షెడ్డు చూడటానికి వెళ్లిన రోజు

వీలైతే వాన పడ్డ మర్నాడు వెళ్లండి. లేదా మిట్టమధ్యాహ్నం వెళ్లి షట్టర్లు మూయించి, లైట్లు ఆపించి, లోపల ఐదు నిమిషాలు నిలబడండి. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక పైకి చూస్తే రేకుల మీద చుక్కల్లా వెలుతురు కనిపిస్తుంది. ఆ ప్రతి చుక్కా ఒక బస్తాను తడిపే రంధ్రం. ఎక్కువ భాగం స్క్రూల చుట్టూ ఉంటాయి. సముద్రపు ఉప్పుగాలికి స్క్రూ తల తుప్పు పడుతుంది, దాని కింద రబ్బరు వాషరు ఎండకు బీటలిస్తుంది, అక్కడి నుంచి నీళ్లు దిగుతాయి. మన వైపు పదిహేనేళ్లు నిలిచే రేకు అక్కడ అంతకాలం నిలవదు. షట్టర్ అడుగు పట్టీని వేలితో నొక్కి చూడండి, పొరలుగా ఊడితే పైకప్పు స్థితీ అదే.

తర్వాత నేల. ఒక గజం నలుచదరం ఉన్న పారదర్శక ప్లాస్టిక్ కవరును నేల మీద పరిచి, నాలుగు అంచులూ వెడల్పు టేపుతో గాలి దూరకుండా అంటించి ఒక రాత్రి వదిలేయండి. తెల్లారి కవరు లోపలి వైపు నీటి బొట్లు పట్టాయంటే నేల కిందినుంచి తేమ ఊరుతోంది. కింద పాలిథిన్ పొర వేయకుండా కాంక్రీటు పోశారన్నమాట. అలాంటి నేల మీద చెక్క పలకలు వేసినా కింది వరస బస్తా నెల తిరిగేసరికి ముక్కిపోతుంది.

అంతకన్నా పెద్ద ప్రమాదం ఎరువులు పెట్టిన గోదాం. పోర్టు ఊరు కాబట్టి యూరియా, పొటాష్ దించిన గోదాములు చాలా ఉంటాయి. ఆ ఉప్పు కాంక్రీటులోకి ఇంకి, తేమను లాక్కుంటూ ఉంటుంది. ఎండాకాలంలో కూడా నేల మీద తడి మచ్చలు, గోడ అడుగున తెల్లటి పొడి కనిపిస్తాయి. సున్నం వేసి దాస్తారు. గోడ మూలలో గోటితో గీకండి. ఇంతకుముందు ఏ సరుకు ఉండేదో యజమానిని కాదు, బయట కూర్చున్న కళాసీలను (మోత కూలీలను) అడగండి. నిజం వాళ్ల దగ్గర దొరుకుతుంది.

వాళ్లతో మాట్లాడినప్పుడే కూలీ రేటు తేల్చుకోండి. మన దగ్గర హమాలీ రేట్లు యార్డులో అందరికీ తెలిసినవే. అక్కడ ఒక్కో వాడకు ఒక్కో ముఠా ఉంటుంది, బయటి మనుషులను రానివ్వరు. బస్తాకు దింపుడు ఎంత, నిట్టు కట్టడం ఎంత, కంటైనర్‌లో పేర్చడం ఎంత, రాత్రి పనికి ఎంత అని నాలుగూ విడిగా అడగాలి. అద్దెలో తగ్గించుకున్న రెండు రూపాయలు ఇక్కడ పోయే సందర్భాలు తక్కువేం కాదు.

ట్రైలర్ తిరిగే జాగా చాలామంది చూడరు. నలభై అడుగుల కంటైనర్‌తో ట్రైలర్ బండి మొత్తం పొడవు యాభై అడుగులు దాటుతుంది. వెనక్కి తిప్పి డాక్‌కు (సరుకు ఎక్కించే గట్టుకు) పెట్టాలంటే ముందు బండి పొడవుకు దాదాపు రెట్టింపు ఖాళీ కావాలి. గేటు పైన ఆర్చి ఉంటే దాని ఎత్తు కొలవండి, ట్రైలర్ మీద ఎత్తు రకం డబ్బా పెడితే దాదాపు పద్నాలుగున్నర అడుగులు అవుతుంది. కరెంటు తీగలు కూడా చూడండి. డాక్ నాలుగు అడుగుల ఎత్తులో ఉంటే బస్తాలు నేరుగా డబ్బాలోకి పోతాయి. లేకపోతే ప్రతి బస్తా నెత్తి మీద నిచ్చెన పలక ఎక్కాల్సిందే, ఒక కంటైనర్‌కు పట్టే సమయం రెట్టింపవుతుంది.

చివరగా తుపాను. భవనాలు కట్టడానికి భారత ప్రమాణం ప్రకారం హైదరాబాద్‌కు లెక్క వేసే గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, విశాఖకు 50, అంటే గంటకు 180 కిలోమీటర్లు. మన దగ్గర కట్టే తీరులో అక్కడ కట్టిన షెడ్డు నిలవదు. 2014 అక్టోబర్ 12న వచ్చిన హుద్‌హుద్ ఆ ఊళ్లో ఎన్నో షెడ్ల పైకప్పులు లేపేసింది. చూస్తున్న షెడ్డు అంతకుముందుదైతే తర్వాత కప్పు మార్చారా, స్తంభం అడుగున బోల్టులు ఎలా ఉన్నాయి, అంచుల్లో స్క్రూలు దగ్గరదగ్గరగా వేశారా అని చూడాలి. యజమాని తీసుకునే బీమా భవనం వరకే. మీ సరుకుకు మీరే, తుపాను, వరద కలిసిన పాలసీ తీసుకోవాలి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా నిల్వ వీలైనంత తక్కువగా పెట్టండి.

పన్ను, కాగితం

రాష్ట్రం మారిందన్న సంగతి చాలామంది మర్చిపోతారు. తెలంగాణ జీఎస్‌టీ నంబరు మీద వరంగల్ నుంచి బయల్దేరిన సరుకు నేరుగా సీఎఫ్‌ఎస్‌కు పోయి ఎగుమతి అయితే పని సులువు. అదే విశాఖ గోదాంలో దించి అక్కడి నుంచి అమ్మితే, ఆంధ్రప్రదేశ్‌లో మరో రిజిస్ట్రేషన్ కావాలి. ఒకే పాన్ అయినా రెండు నంబర్లూ వేర్వేరు వ్యక్తులుగానే లెక్క. ఇక్కడి నుంచి అక్కడికి పంపిన ఎండుమిర్చి, పసుపు మీద 5 శాతం ఐజీఎస్‌టీతో (రాష్ట్రం దాటే సరుకు మీద వేసే జీఎస్‌టీతో) బిల్లు వేయాలి. అది తర్వాత తిరిగి వస్తుంది కానీ, వచ్చేదాకా మీ సొమ్ము ఇరుక్కుంటుంది. వడ్డీ లెక్కలో దాన్ని కూడా వేయండి. సరుకు వెంట ఉండాల్సిన ఈ-వే బిల్లు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున, వరంగల్–విశాఖ దూరానికి మూడు రోజులు చెల్లుతుంది. దారిలో లారీ చెడిపోతే గడువు పొడిగించడం డ్రైవర్‌కు కాదు, మీకు గుర్తుండాలి.

అద్దె మీద జీఎస్‌టీ 18 శాతం. యజమానికి జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ లేకపోయినా 2024 అక్టోబర్ 10 నుంచి రిజిస్ట్రేషన్ ఉన్న అద్దెదారే రివర్స్ చార్జి కింద కట్టాలి. "నాకు జీఎస్‌టీ లేదు, మీకు మిగులు" అని యజమాని అంటే ఆ మిగులు ఏమీ లేదు. నెల అద్దె 50,000 దాటితే 10 శాతం టీడీఎస్ (యజమాని తరఫున ముందే కోసే ఆదాయపు పన్ను) కోసి కట్టాలి. ఆహార సరుకైతే ఆ గోదాం చిరునామా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు వేరుగా కావాలి. అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) యజమాని చూపించాలి. దూది బేళ్లు పెట్టేవాళ్లు ఇది లేకుండా అడుగు వేయొద్దు, బీమా కంపెనీ మొదట అడిగే కాగితం అదే.

ఒప్పందం 11 నెలలకు రాస్తే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరూ అలాగే రాస్తారు. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయకపోతే కోర్టులో దాని షరతులు నిలవవు. గ్రేడింగ్ యంత్రాలు బిగించేవాళ్లు మూడేళ్లకు రిజిస్టర్ చేయించుకోవడమే మంచిది. మిర్చి వాళ్లు లాక్-ఇన్ (ఇద్దరూ మధ్యలో తప్పుకోకూడని) గడువును మే నెలాఖరుకు ముగిసేలా అడగండి. సీజన్ మధ్యలో ఖాళీ చేయమనకుండా, ఖాళీ నెలల్లో ఇరుక్కోకుండా ఉంటారు. పైకప్పు మరమ్మతు యజమానిదని, ఎన్ని రోజుల్లో చేయాలో, చేయకపోతే మీరు చేయించి అద్దెలో కోసుకోవచ్చని రాయించండి. తుపానులో కప్పు పోతే బాగయ్యేదాకా అద్దె ఆగుతుందనే వాక్యం కూడా ఉండాలి.

తాళం తీసుకునే రోజున కరెంటు మీటర్ రీడింగు, పాత బకాయి లేదన్న బిల్లు, రేకులు, షట్టర్, నేల పగుళ్ల ఫోటోలు తేదీతో సహా ఇద్దరి ఫోన్లలోకీ పంపుకోండి. డిపాజిట్ తిరిగి అడిగే రోజున పగులు పాతదా కొత్తదా అన్న గొడవ ఆ ఫోటోలతో తెగిపోతుంది.